సొరబుర్ర మీద నా పేరు

పన్నెండు మాటులు కట్టాలి. వచ్చింది తొమ్మిదిమంది. మా వేటగాళ్ళ సంఘంలో సభ్యులు నలభైఒక్కమంది. బాతుల వేట మొదలయ్యే రోజున చూడాలి, నలభైఒక్కరూ తెల్లారేసరికి రేవులో ఉంటారు, ఒకడి కాలు ఒకడు తొక్కుకుంటూ. దానికి ముందు ఆదివారం, రెల్లు కోసి మాటులు కట్టాల్సిన రోజున మాత్రం ఒకడికి నడుం నొప్పి, ఒకడి అత్తగారికి జ్వరం, ఒకడికి ఇజ్మీర్ పట్నంలో చుట్టాల పెళ్ళి. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు. ఇన్ని పెళ్ళిళ్ళు నిజంగా జరిగి ఉంటే ఇజ్మీర్‌లో ఈపాటికి పెళ్ళికాని మనిషి మిగిలి ఉండకూడదు.

నాకు అరవై ఆరేళ్ళు. మంగలి పని. నలభై ఎనిమిదేళ్ళు నిలబడి గడ్డాలు గీసి గీసి మోకాళ్ళు అరిగిపోయాయి. దానికి తోడు మా సాజ్‌లీ సరస్సు ఏటేటా వెనక్కి పోతోంది. నేను సంఘంలో చేరిన కొత్తలో రేవు మెట్టు దిగితే పడవ. ఇప్పుడు ఎండి బీటలు వారిన బురద మీద అరగంట నడిస్తే గాని నీళ్ళ వాసన తగలదు. ఆ అరగంటా భుజం మీద కొయ్యలు, చంకలో తాళ్ళ చుట్ట, చేతిలో కొడవలి. దోమలు సరేసరి. మాటు అంటే పెద్ద కోటేం కాదు, నీళ్ళలో నాలుగు కొయ్యలు పాతి, చుట్టూ రెల్లు కట్టి, లోపల ఇద్దరు కూర్చునేలా పలకలు వేస్తాం. అంతే. కానీ మంచుకీ గాలికీ ఏ ఏటికాయేడు కూలిపోతుంది. మళ్ళీ కట్టాలి. ఎందుకు కడుతున్నామో ఒక్కోసారి నాకే తెలియదు.

"ఒరేయ్ జిహ్నీ! వచ్చావట్రా? బుర్రలు దాచుకోండర్రోయ్, హంతకుడొచ్చాడు!"

అరిచింది హుర్షిత్ అన్న. డెబ్బై ఎనిమిదేళ్ళు. సంఘంలో అందరికంటే పెద్దవాడు. కుర్రాళ్ళు నడుం నొప్పులని ఇంట్లో పడుకుంటే ఈయన అందరికంటే ముందొచ్చి, ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చుని రెల్లు కట్టలు కడుతున్నాడు. మా ఊళ్ళో సగం కొట్ల మీద బోర్డులు ఈయన చేత్తో రాసినవే. నా కొట్టు బోర్డు కూడా. ఇప్పుడెవరూ చేత్తో రాయించుకోవడం లేదు, అంతా కంప్యూటర్లో అచ్చు కొట్టించుకుంటున్నారు.

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా? తొమ్మిది నెలలుగా ఆ మాట రోజుకి రెండుసార్లు వింటున్నాను. టీ దుకాణంలో, కూరగాయల సంతలో, ఆఖరికి మా బావమరిదిని పాతిపెట్టి వస్తుంటే శ్మశానం గుమ్మంలో కూడా అన్నాడు.

"నోరు మూసుకుని కట్టలు కట్టు అన్నా," అన్నాను.

"కడుతున్నాగా. చూడు ముడి ఎలా పడిందో. నీలాగా బుర్రలు పగలగొట్టడం కాదు పనంటే!"

ముడి నిజంగానే చక్కగా పడింది. రెల్లు వైపు చూడడు, సరస్సు వైపు తల తిప్పి, కబుర్లు చెబుతూ చేత్తోనే కట్టేస్తాడు. చూడకుండానే కడతాడర్రా మా అన్న, అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మాట వినపడినప్పుడల్లా నేను కొడవలి తీసుకుని రెల్లులోకి పోతాను.

అసలు సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్లాస్టిక్ బాతులు వాడం. ఎండిన సొరబుర్రకి కొయ్య మెడ గుచ్చి, బాతు రంగులు వేసి, కింద రాయి కట్టి నీళ్ళలో వదులుతాం. అవే మా దీమాలు. పైన పోయే బాతులు వాటిని చూసి, మనవాళ్ళే కదా అనుకుని దిగుతాయి. మాటులో ఉన్నవాడు అప్పుడు కాలుస్తాడు. దిగుతున్న బాతుని గాల్లో ఉండగానే కొట్టాలి. తొందరపడో, తాగేసో, కళ్ళు కనపడకో దీమాన్ని కొట్టినవాడు ఉన్నాడే, వాడి బతుకు బజారున పడ్డట్టే. ఆ చిల్లుల బుర్ర మీద వాడి పేరు రాసి, సంఘం గోడకి టీ పొయ్యి పైన వేలాడదీస్తారు. మళ్ళీ కొత్త వేట మొదలయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. పైగా ఆ మొదటి రోజున వాడు అందరికీ కెష్కెక్ వండించి పెట్టాలి, గోధుమలూ గొర్రెమాంసమూ కలిపి రాత్రంతా ఉడికించి చితక్కొట్టి.

ఇప్పుడు గోడ మీద ఉన్న బుర్ర మీద నా పేరే ఉంది. దాన్ని కొట్టింది మాత్రం నేను కాదు.

పోయిన జనవరిలో, బాగా పొగమంచు పట్టిన ఉదయం. నేనూ హుర్షిత్ అన్నా ఒకే మాటులో ఉన్నాం. డెబ్బై దాటినవాడు ఒంటరిగా కూర్చోకూడదని మా సంఘం నియమం. ఎనిమిదేళ్ళుగా ఆయనకి జత నేనే. పడ్డ బాతుల్ని నీళ్ళలోకి దిగి ఏరుకొచ్చేదీ నేనే. నా కుక్క చచ్చిపోయి మూడేళ్ళయింది, ఇంకోదాన్ని సాకే ఓపిక లేదు, కాబట్టి ఆ మాటులో కుక్కని కూడా నేనే అనుకోండి. అలా దిగి, మోకాలి లోతు నీళ్ళలో దీమాల మధ్య వంగి, పడ్డ బాతుని అందుకుంటున్నాను. నెత్తి మీద రెక్కల చప్పుడు. ఆ వెంటనే తుపాకీ పేలింది. నా పక్కనున్న బుర్ర ఎగిరి పడింది. మొహమంతా నీళ్ళు చిమ్మాయి. ఎడమ కాలి మీద ఎవరో చీపురుతో కొట్టినట్టయింది. అలాగే నిలబడిపోయాను. 

మాటు లోంచి హుర్షిత్ అన్న గొంతు, "పడిందా? ఒరేయ్, పడిందా?"

ఆయన నన్ను చూడలేదు. పదిహేను గజాల్లో గోధుమరంగు కోటేసుకున్న అంత మనిషిని చూడలేదు. పొగమంచు అనుకుందామంటే, అంతసేపూ అదే పొగమంచులో నాకు ఆయన టోపీ అంచు కూడా కనిపిస్తూనే ఉంది.

"లేదన్నా, తప్పిపోయింది," అన్నాను.

సాయంత్రం రేవులో దీమాలు దించుతుంటే మా సంఘం అధ్యక్షుడు జెవాత్ ఆ చిల్లుల బుర్రని పైకెత్తి పట్టుకుని, "ఎవరిదర్రా ఈ ఘనకార్యం?" అన్నాడు. జెవాత్ మందుల షాపు నడుపుతాడు, ఆయన కంట్లో పడనిది లేదు. హుర్షిత్ అన్న మొహం అటు తిరిగింది. ఆ మొహం ఆ బుర్రని చూడటం లేదు, జెవాత్ గొంతు ఎటుందో అటు చూస్తోంది. అదేం బుద్ధో, నా నోట్లోంచి "నాదే" అని వచ్చేసింది. జెవాత్ అక్కడికక్కడే దాని మీద నా పేరు రాసేశాడు. అందరికంటే పెద్దగా నవ్వింది హుర్షిత్ అన్నే. పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వాడు.

ఆ రోజు ఇంటికెళ్ళి తొడ దాకా వచ్చే రబ్బరు బూట్లు విప్పితే ఎడమదానికి మూడు చిల్లులు. ఒక గుండు తొడ చర్మంలో చిక్కుకుంది. మా ఆవిడ మెలాహత్ దాన్ని కనుబొమల పట్టకారుతో తీసింది. తీస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. మెలాహత్ మాట్లాడకుండా ఉండటం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

*

సోమవారం హుర్షిత్ అన్న గడ్డానికి వస్తాడు. ఆ వారం రంగుల డబ్బాలు కూడా మోసుకొచ్చాడు. కొత్త బుర్రలు పన్నెండు నా కొట్టు వెనక ఎండలో ఆరుతున్నాయి. ప్రతి ఏడూ వాటికి రంగులు వేసేది ఆయనే.

కుర్చీలో వెనక్కి వాల్చి నురగ పూశాను. ఇంత దగ్గరగా ఊళ్ళో ఇంకెవరూ ఆయన కళ్ళు చూడరు. రెండేళ్ళ కిందట శుక్లాలు తీయించుకున్నాడు. పైకి నల్లగా నిగనిగలాడుతున్నాయి. కానీ లోపలి నరం ఎండిపోతోందనీ, దానికి మందు లేదనీ పెద్దాసుపత్రిలో చెప్పినట్టు ఆయన కోడలు మెలాహత్‌తో అంది. ఆయనతో కదిపితే మాత్రం, "ఆపరేషన్ చేయించుకున్నాగా, అద్దంలా ఉన్నాయి" అంటాడు. తుపాకీ లైసెన్సు ఇంకో ఏడాది ఉంది. అది ఉన్నంతకాలం ఆయన్ని ఎవరూ అడగరు.

గడ్డం అయ్యాక వెనక కూర్చున్నాం. ఆయన బుర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆకుపచ్చ డబ్బా ఇటివ్వరా."

మగబాతు తలకి ఆకుపచ్చ వేస్తాం. డబ్బా ఆయన మోకాలి ముందే ఉంది. మూత కూడా తీసి ఉంది.

తీసి చేతికిచ్చాను. "అన్నా," అన్నాను. "ఈ ఏడు నువ్వు వేటకి..."

"ఆఁ, ఈ ఏడు?"

"కొంచెం చలి ఎక్కువంటున్నారు."

"అక్టోబర్‌లో ఏం చలిరా నీ మొహం! ముసలాడివైపోతున్నావు." కుంచె బుర్ర మీద నెమ్మదిగా తిప్పాడు. ఎడమ బొటనవేలు అంచు మీద పెట్టి, ఆ వేలినే గీతగా చేసుకుని రంగు వేస్తున్నాడు. రంగు ఎక్కడా పొర్లలేదు. "నాకింక మిగిలిందేముందిరా జిహ్నీ? బోర్డులు పోయాయి. మీ వదిన పోయింది. కోడలు మంచిదే, కానీ పొద్దున్న ఏం తింటావు, రాత్రి ఏం తింటావు, అంతకుమించి నాతో మాట లేదు. వేట ఉన్నన్ని నాళ్ళూ వారానికో ఆదివారం. లెక్కేస్తే పదిహేనో పదహారో. వాటికోసమే మిగతా ఏడాదంతా ఊపిరి పీలుస్తున్నాను. అర్థమైందా?"

అర్థమైందన్నాను. ఆరిన ఇంకో బుర్ర తెచ్చి ఆయన పక్కన పెట్టాను.

ఇంటికెళ్ళి మెలాహత్‌తో చెబితే బెండకాయలు తరుగుతున్నదల్లా కత్తి బల్ల మీద పెట్టింది.

"ఏమయ్యా, ఆ బూటుకి మూడు మాసికలు వేసింది నేను. సైకిలు ట్యూబు కత్తిరించి, జిగురు పెట్టి. నాలుగోది వేయను. చెప్పేసెయ్, లేదా వెళ్ళడం మానెయ్."

"చెబితే ఆయన చచ్చిపోతాడే."

"చెప్పకపోతే నువ్వు చస్తావు. నాకు నువ్వు కావాలి. ఏం, తప్పా?"

ఆ రాత్రంతా ఆలోచించాను. ఆలోచించి ఆలోచించి విసుగొచ్చింది. ఆఖరికి ఒక దారి కనిపించింది. నేను మానేస్తాను. మోకాళ్ళు పోయాయంటాను, అబద్ధం కూడా కాదు. జత లేకపోతే నియమం ప్రకారం ఆయన మాటులో కూర్చోవడానికి లేదు. ఆయనతో ఇంకెవడు కూర్చుంటాడు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాత కథలు వినాలి, పడ్డవన్నీ ఏరాలి, పడవ తోయాలి. ఎవడూ రాడు. ఆయన నన్ను నాలుగు తిట్టుకుంటాడు, ఒడ్డున కూర్చుని టీ తాగుతాడు, ఆయన పరువు ఆయనకి మిగులుతుంది. నా వేట పోతుంది. పోనీ. నిజం చెప్పొద్దూ, ఆ నిర్ణయం తీసుకున్నాక హాయిగా అనిపించింది. ముప్పై ఏళ్ళ తరవాత మొదటిసారి, రాబోయే ఆదివారం దుప్పటి కప్పుకుని పడుకోవచ్చనుకున్నాను.

మర్నాడు మా అల్లుడు తయ్లాన్ వస్తే నా రబ్బరు బూట్లు వాడికిచ్చేశాను. వాడు టమాటా ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఈ ఏడే సంఘంలో చేరాడు. మా నెర్మిన్‌ని చేసుకుని రెండేళ్ళు. మంచివాడు, మరీ మంచివాడు. ముసలాళ్ళు గదిలోకొస్తే లేచి నిలబడే రకం.

"మాసికలున్నాయేంటి మావయ్యా?"

"ముళ్ళు గుచ్చుకున్నాయిలే," అన్నాను.

*

గురువారం సాయంత్రం చీట్లు. చీట్లంటే కాగితాలు కాదు, మా టీ పొయ్యి దగ్గర రోజూ ఆడుకునే అంకెల బిళ్ళలు. వాటిలో ఒకటి నుంచి పన్నెండు దాకా ఏరి గుడ్డసంచిలో వేస్తారు. ఏ జతకి ఏ బిళ్ళ వస్తే ఆ నంబరు మాటు, బిళ్ళ దక్కనివాళ్ళు గట్టు మీది రెల్లులోనే కాచుకోవాలి. మొదటి బిళ్ళ తీసేది ఎప్పుడూ అందరికంటే పెద్దవాడు. అది ఆచారం. హుర్షిత్ అన్న పదకొండేళ్ళుగా తీస్తున్నాడు. రెండేళ్ళుగా ఆయన బిళ్ళని చూసి చదవడం లేదు, చెక్కిన అంకె మీద బొటనవేలు రాసి చదువుతున్నాడు. ఎవరూ గమనించలేదనుకున్నాను.

ఆ రోజు నలభైఒక్కరమూ వచ్చాం. పని లేని రోజు కదా, అందరి నడుములూ బాగానే ఉన్నాయి. గది నిండా పొగ, టీ గ్లాసుల చప్పుడు. పొయ్యి పైన నా పేరున్న బుర్ర మసి పట్టి వేలాడుతోంది.

జెవాత్ సంచి తీయగానే నేను లేచాను.

"నేనో మాట చెప్పాలి. ఈ ఏడు నేను రావడం లేదు. మోకాళ్ళు పోయాయి."

"బుర్రలు బతికిపోయాయర్రోయ్!" అన్నాడు హుర్షిత్ అన్న. అందరూ నవ్వారు. కానీ ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నేను చెప్పినదానికి అర్థమేమిటో ఆయనకి అప్పుడు తట్టింది. "ఏంట్రా, నిజంగానే అంటున్నావా?"

"నిజంగానే అన్నా."

"మరి నేనో?"

 జెవాత్ చేతిలోని సంచి పక్కన పెట్టాడు. "నియమం ఉంది కదన్నా. జత కావాలి. మరి హుర్షిత్ అన్నకి తోడు ఎవరుంటారు?"

ఒకడు గ్లాసులో చెంచా తిప్పుతున్నాడు. ఒకడు కిటికీ లోంచి బయటికి చూస్తున్నాడు.  అంతా నేననుకున్నట్టే జరుగుతోంది. హుర్షిత్ అన్న మాత్రం ఒక్కొక్క వైపూ తల తిప్పుతున్నాడు, ఏదో ఒక గొంతు వినిపిస్తుందేమోనని. నాకు ఆయన మొహం చూడాలంటే సిగ్గేసింది. ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే అయిపోతుందని నేల వంక చూస్తూ నిలబడ్డాను.

వెనక బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది.

"నేనుంటాను," అన్నాడు తయ్లాన్. "హుర్షిత్ తాతగారితో నేను కూర్చుంటాను. ఎలాగూ నాకు జత లేదు. మావయ్య బూట్లు కూడా నాకే ఇచ్చారు, సరిగ్గా సరిపోయాయి."

గది మొత్తం చప్పట్లు. "శభాష్!" అన్నాడెవడో. "అల్లుడంటే అలా ఉండాలి!" అన్నాడు ఇంకొకడు. హుర్షిత్ అన్న మొహం వెలిగిపోయింది, "నా పులి! ఇటు రా, ఇటు రా, నీకు నేను నేర్పుతాను అసలు వేటంటే ఏంటో. మీ మామ దగ్గర నేర్చుకుంటే బుర్రలే దక్కుతాయి!"

 నా బూట్లు వేసుకుని, మోకాలి లోతు నీళ్ళలో, దీమాల మధ్య వంగిన తయ్లాన్ నా కళ్ళ ముందు కనిపించాడు.

"వద్దు," అన్నాను.

చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళాను. స్టూలు లాక్కుని, ఆ పాడు మోకాళ్ళతోనే ఎక్కి, బుర్రని మేకు నుంచి దింపాను. అప్పుడు చప్పట్లు ఆగాయి.

"ఏంట్రా, ఇంటికి పట్టుకెళ్ళి ముద్దు పెట్టుకుంటావా?" అన్నాడు హుర్షిత్ అన్న.

"దీన్ని కొట్టింది నేను కాదన్నా."

"మరెవడు, నా తాతా?"

"నువ్వే."

 ఆయన నవ్వబోయాడు.  "ఇటివ్వు," అని చెయ్యి చాపాడు. చెయ్యి నాకు కొంచెం పక్కకి వచ్చింది. బుర్రని తెచ్చి ఆ చేతిలో పెట్టాను.

తొమ్మిది నెలల్లో ఆయన దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. అంత ఎత్తున వేలాడేదాన్ని చూడలేకపోయాడు, చూడలేనని ఒప్పుకోలేక దాని మీద జోకులు వేశాడు. ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని బొటనవేలు దాని మీద నడిపించాడు. ఒక చిల్లు దగ్గర ఆగాడు. వేలి కొసని అందులో దూర్చి చూశాడు. ఇంకోటి. ఇంకోటి. మొత్తం ఏడు చిల్లులు, ఏడింటినీ చూశాడు.

"మూడో నంబరు గుళ్ళు," అన్నాడు నెమ్మదిగా. "జిహ్ని కాల్చేది ఆరు. కొర్రగింజంత చిల్లు పడుతుంది. ఇవి జొన్నగింజంత ఉన్నాయి. ఈ సంఘంలో మూడు కాల్చేవాణ్ణి నేనొక్కణ్ణే. అంత లావు సీసం ఎందుకు ముసలాడా అని ఏడిపిస్తారు కదర్రా నన్ను!" తల ఎత్తాడు. "ఇది తొమ్మిది నెలలు మీ నెత్తి మీద వేలాడింది. నలభైమంది వేటగాళ్ళు! ఒక్కడూ తలెత్తి చూడలేదా?"

 నేను వాళ్ళ మొహాలు చూశాను. ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు. జెవాత్ టీ గ్లాసులోకి చూస్తున్నాడు. అప్పుడర్థమైంది నాకు. అందరికీ తెలుసు. మొదటి వారంలోనే తెలుసు. జిహ్ని మోస్తున్నాడు కదా, మోయనీ అని ఊరుకున్నారు. సరే, అది నా ఖర్మ అనుకుందాం. కానీ ఇందాక మా అల్లుడు లేచి నిలబడితే, అన్నీ తెలిసి చప్పట్లు కొట్టిన చేతులివి! ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. కానీ నేను మాత్రం ఏం ఉద్ధరించాను? ఇందాక నేల చూపులు చూస్తూ ఒక్క నిమిషం గడిస్తే చాలనుకున్నది నేనేగా.

"నువ్వెక్కడున్నావురా అప్పుడు?" హుర్షిత్ అన్న గొంతు మారిపోయింది. "నేను కాల్చినప్పుడు. పడవ వైపు వెళ్ళావనుకున్నాను."

"నీళ్ళలో ఉన్నా అన్నా. బాతుని ఏరుతున్నా."

"ఎక్కడ?"

"బుర్ర పక్కనే."

"పక్కనే అంటే? ఎంత పక్కన? సరిగ్గా చెప్పి చావు!"

నేను ఆయన కుర్చీ పక్కన వంగాను, ఆ రోజు వంగినట్టే. బుర్ర ఆయన ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి పట్టుకుని చాపి, నా భుజం మీద పెట్టాను.

"ఇక్కడ," అన్నాను.

ఆయన కదల్లేదు. ఒక చేతిలో బుర్ర, ఒక చేతి కింద నేను. భుజం మీది చెయ్యి మెల్లగా మెడ దాకా వచ్చింది, చెవి దాకా వచ్చింది, నేను అక్కడ ఉన్నానో లేదో తేల్చుకుంటున్నట్టు. తరవాత ఆ చెయ్యి నా చెవి పట్టుకుని మెలిపెట్టింది.

"గాడిద," అన్నాడు. "తొమ్మిది నెలలు. తొమ్మిది నెలలు నా చేత నిన్ను ఎగతాళి చేయించావు. శ్మశానంలో కూడా అన్నాను కదరా!"

"అన్నావు."

"నవ్వావు."

"ఏం చెయ్యమంటావన్నా మరి? నువ్వు వేట లేకుండా బతకలేవనుకున్నా."

"నిన్ను చంపి బతుకుతాననుకున్నావా?"

నాకు ఏడుపొచ్చింది. అరవై ఆరేళ్ళవాణ్ణి, నలభైమంది ముందు, మంగలి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. తయ్లాన్ ఎప్పుడొచ్చాడో నా వెనక నిలబడి ఉన్నాడు. వాడు వంగి తన బూటు మీది మాసికల్ని చూసుకుంటున్నాడు. వెర్రివాడు, సరదాపడి ఆ బూట్లు వేసుకునే సంఘానికి వచ్చాడు.

హుర్షిత్ అన్న బుర్రని బల్ల మీద పెట్టాడు. "జెవాత్! దీని మీద ఉన్న పేరు తుడిచెయ్. నా పేరు నేనే రాస్తాను, కుంచె తెప్పించు. ఆ కెష్కెక్ కూడా నాది. ఆదివారం మీరంతా నీళ్ళలోకి పోండి, నేను రేవులో కళాయి దగ్గర కూర్చుంటాను. వంటకి కళ్ళు అక్కర్లేదు, ముక్కు చాలు."

"అలాగే అన్నా," అన్నాడు జెవాత్.  అలవాటు కొద్దీ బిళ్ళల సంచిని హుర్షిత్ అన్న ముందు పెట్టాడు. పెట్టాక చేసిన పొరపాటు తెలిసి, వెనక్కి తీసుకోబోయాడు.

కానీ ఆయన చెయ్యి అప్పటికే సంచిలోకి వెళ్ళింది. బిళ్ళల గలగల వినిపించింది. చాలాసేపు ఆ చెయ్యి అందులోనే ఉంది. ఖాళీగా బయటికి వచ్చింది.

"నా తరవాత పెద్దవాడెవడు?"

ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ మీద వయసు వరసన రాసిన సభ్యుల జాబితాలో ఆయన పేరు కింద పేరు నాదే.

"తియ్యరా," అన్నాడు. "మోకాళ్ళు మోకాళ్ళని ఏడవకు. నువ్వూ మీ అల్లుడూ కూర్చోండి. మంచి కళ్ళున్నవాడు నేర్పితే కుర్రాడు బాగుపడతాడు."

చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీశాను. అందరూ నా వైపే చూస్తున్నారు. అంకె చదువుదామంటే కళ్ళ నిండా నీళ్ళు, అంతా అలుక్కుపోయింది. బొటనవేలితో తడిమాను.

"ఏడు," అన్నాను.

"ఏడా?" హుర్షిత్ అన్న మొహం చిట్లించాడు. "అక్కడ బురద ఎక్కువ. నెమ్మదిగా దిగు."